నాపబండల మీద మూలకాలు

మొన్న మా ఇంటి తుప్పుపట్టిన తలుపు బందులు ఊడదీయడానికి వచ్చిన పనివాడు, ఎక్కడ సంపాదించాడో గాని, ఒక సీసా అడుగున కాస్త కిరసనాయిలు తెచ్చి గుడ్డతో రుద్దుతుంటే, ఆ వాసన వసారా దాటి, వంటిల్లు దాటి, లోపల పడక్కుర్చీలో కూర్చున్న నా దాకా వచ్చింది. రేషన్ షాపుల్లో కిరసనాయిలు పోయడం మానేశాక ఆ వాసన తగలడం అదే మొదలు. మా ఈడు వాళ్ళకు ఆ వాసనతో ముందుగా గుర్తొచ్చేవి బుడ్డిదీపాలు, సాయంత్రం పూట ముగ్గుపిండితో తోమిన లాంతరు చిమ్నీలు. నాకు మాత్రం అన్నిటికంటే ముందు ఆదోని బడిలో ఒక కొయ్యపెట్టె, అందులో పేర్లు పోగొట్టుకున్న మూడు గాజుసీసాలు, ఆ పెట్టె ముందు కొంగు బిగించి నిలబడ్డ సుగుణమ్మ టీచరు గుర్తుకొస్తారు.

మాది ఎమ్మిగనూరు. మా వీధిలో తెల్లవారిందనడానికి కోడి కూత అక్కర్లేదు, ఏదో ఒక ఇంట్లో మగ్గం ఆడిందంటే తెల్లవారినట్టే. గంజి పెట్టిన పడుగులు వీధి పొడుగునా సాగదీసి ఆరబెట్టేవారు, వాటి కింద నుంచి వంగి దూరుతూ మేము ఆడుకునేవాళ్ళం, దారం తెగితే పెద్దవాళ్ళు తిట్టేవారు. నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, అమ్మ రాట్నం దగ్గర మగ్గానికి కావలసిన నూలు కండెలు చుట్టేది. నాకు చేతులు అందే వయసు రాగానే ఆ పని నా మీద పడింది. శనక్కాయల చట్నీ, జొన్నరొట్టె ఒక చేత్తో, రాట్నం పిడి ఒక చేత్తో. అలా తింటూ చుట్టడంలో నాకు మంచి పేరుండేది.

నాయన నన్ను ఆదోనికి పంపించడం మా వీధిలో పెద్ద ముచ్చటైంది. ఆడపిల్లకు ఎనిమిదో తరగతి దాటి చదువెందుకని అడిగిన వాళ్ళను చూసి ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆదోనిలో మా చిన్నమ్మ ఇల్లు పత్తి మార్కెట్టుకు దగ్గర. చలికాలం వచ్చిందంటే ఎడ్లబండ్లు తెల్లటి కొండల్లా కదులుతూ వచ్చేవి, జిన్నింగు మిల్లుల నుంచి దూది నూగు లేచి ఊరంతా పడేది. దండెం మీది బట్టల మీద, బావిలో నీళ్ళ మీద, చిన్నమ్మ చేసిన బొరుగుల ఉగ్గాని మీద, ఆఖరికి కునుకు తీసే ముసలివాళ్ళ కనుబొమల మీద కూడా నూగే. అందుకే ఆ ఊళ్ళో నిప్పంటే అందరికీ భయం. ఆ నెలల్లో వీధిలో బీడీ కాల్చేవాణ్ణి కూడా నలుగురు కోప్పడేవారు.

సుగుణమ్మ టీచరు మా నాలుగో ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో, వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నీలం అంచు తెల్లచీరలో ఉండేవారు. కోసిగి దగ్గరి పల్లె వాళ్ళది. వానలు పడని ఏడు అమ్మానాన్నలు మూట కట్టుకుని పనుల కోసం దేశాలు పట్టిపోతే, ఆమె ఒక మిషన్ హాస్టల్లో ఉండి చదివి, సైన్సు డిగ్రీ తెచ్చుకున్నారట. కూలివాళ్ళ ఇంటి క్రైస్తవుల పిల్ల కాబట్టి మా చిన్నమ్మ, టీచరమ్మ దగ్గర కూర్చుని వచ్చిన రోజు నన్ను స్నానం చేస్తే గాని లోపలికి రానిచ్చేది కాదు. నేను రోజూ ఆమె దగ్గరే కూర్చునేదాన్ని, రోజూ బావి దగ్గర నిలబడి చల్లనీళ్ళు పోసుకునేదాన్ని. కొన్నాళ్ళకు చిన్నమ్మకే విసుగొచ్చి మానిపించింది.

ఆ పెట్టె వచ్చింది పత్తి కాలంలోనే. బళ్ళారిలో మూతబడ్డ ఏదో బడి సామాను మా బడికి పంపించారు. దారిలో ఎక్కడో తడిసింది. విప్పి చూస్తే గాజుగొట్టాలు చాలావరకు పగిలి ఉన్నాయి, సీసాల మీది కాగితాలు చెదలు కొంత, తేమ కొంత తినేశాయి. వాటిలో మూడు సీసాల్లో కిరసనాయిలు, ఆ నూనెలో బూడిదరంగు ముక్కలు. హెడ్మాస్టరు గారు భయస్థులు, మంచివారు. పేరు తెలియని మందు పిల్లల బడిలో ఉండకూడదని, అన్నీ తీసుకుపోయి వెనక పాడుబావిలో పోసెయ్యమని జవానుకు చెప్పారు. జవాను పెట్టె ఎత్తుకునే లోపలే సుగుణమ్మ టీచరు గదిలోంచి దాదాపు పరుగున వచ్చి పెట్టె మీద చెయ్యి పెట్టారు. ఆమె అంత వేగంగా నడవడం మేము మళ్ళీ ఎన్నడూ చూడలేదు.

“నీళ్ళలో వెయ్యొద్దు అప్పా. వేస్తే బావి మీద ఉండేవాళ్ళకు కండ్లు పోతాయి,” అన్నారు జవానుతో, నెమ్మదిగా.

తర్వాత హెడ్మాస్టరు గారి గదిలో చాలాసేపు మాట్లాడారు. బయటికొచ్చి మాకు చెప్పిన సంగతి ఇది: అవి నీళ్ళు తగిలితే మండే లోహాలు, గాలి కూడా తగలకూడదు కాబట్టి నూనెలో దాచారు. ఏ సీసాలో ఏది ఉందో తెలిస్తే దాచుకోవచ్చు, పాఠాలకు పనికొస్తాయి. తెలియకపోతే ఉంచుకోవడం తప్పు. హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు గాని, ఒక షరతు పెట్టారు. దూది నూగు ఎగిరే కాలంలో మంట పుట్టే పని ఏదీ బడిలో చేయకూడదు. వానలు పడి ఊరు తడిశాక, ఆరుబయట, తన ఎదుట చెయ్యాలి. అంతవరకు సీసాలు ఇనుప బీరువాలో తాళం వేసి ఉంటాయి.

అంటే మాకు కొన్ని నెలల గడువు దొరికింది. ఆ నెలల్లోనే మాకు మూలకాల వరస అర్థమైంది.

మా తరగతి ముందు వసారాకు నాపబండలు పరిచి ఉండేవి, నలుపు కలిసిన నీలం రంగులో, చదరాలుగా. బడిలో పటాలేవీ లేవు. టీచరు ఒక సాయంత్రం సుద్దముక్క తీసుకుని వంగి, ఒక్కో బండ మీద ఒక్కో మూలకం పేరు రాసుకుంటూ పోయారు. ఒక వరస అయ్యాక దాని కింద ఇంకో వరస, ఏ గుణం కలవాళ్ళు ఆ గుణం వాళ్ళ కింద వచ్చేట్టు. అంతకుముందు మేము మూలకాలంటే కంఠతా పట్టాల్సిన పేర్లనుకునేవాళ్ళం. ఆ రోజు వాటికి ఒక ఇరుగూ పొరుగూ ఉందని తెలిసింది.

మరునాడు ఆమె ఇంటి నుంచి ఏమేమో సంచిలో వేసుకొచ్చి బండల మీద పెట్టారు. సోడియం బండ మీద ఏమీ పెట్టలేదు, అది బీరువాలో ఉందేమో అన్నారు. మెగ్నీషియం మీద చిన్న తీగముక్క. అల్యూమినియం మీద మా బడి జవాను అన్నం తినే సత్తుగిన్నె. సిలికాన్ మీద పిడికెడు ఇసుక, ఎందుకంటే అది ఇసుకలోనే దాక్కుని ఉంటుంది. భాస్వరం మీద అగ్గిపెట్టె, గంధకం మీద పచ్చటి గంధకం గడ్డ, క్లోరిన్ మీద మా వీధి నేతగాళ్ళు నూలు తెల్లగా చేయడానికి వాడే బ్లీచింగు పొడి పొట్లం. ఆఖరి బండ ఖాళీ. అక్కడుండేది ఎవరితోనూ కలవని వాయువు. మమ్మల్ని ఎడమ నుంచి కుడికి నడిపించారు. మెత్తటి లోహంతో మొదలుపెట్టి, గట్టి లోహం దాటి, అటూ ఇటూ కాని ఇసుకను దాటి, లోహం గుణమే లేని వాటి దగ్గరికి వచ్చేసరికి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచినట్టు, ఎక్కడ మారిందో తెలియకుండానే నేల మారిపోయింది. మా ఇంటి బ్లీచింగు పొడికి, జవాను గిన్నెకు ఒకే వరసలో చోటుందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆ వసారా మా ఆటస్థలమైంది. విరామంలో ఆ బండల మీద తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. పెంకు ఏ బండ మీద పడితే అక్కడికి కుంటుకుంటూ పోయి, ఆ మూలకం దాని పైదాని కంటే వేరేవాటితో కలవడానికి తొందరపడేదో, నిదానమైనదో చెప్పాలి. చెప్పలేకపోతే కాలు దించాలి. ఈ ఆటలో నాకు సాటి మహబూబ్‌బీ ఒక్కతే. జట్కా తోలే ఆయన కూతురు, బెరుకు లేనిది. నేను తెలిసింది గట్టిగా చెప్పేదాన్ని, ఆమె తనకు ఏది తెలియదో అంతే గట్టిగా చెప్పేది. ఎవరి తెలివి ఎక్కువో నాకు అప్పట్లో అర్థం కాలేదు.

మొదటి నిలువు వరసలో కిందికి పోయేకొద్దీ తొందర ఎందుకు పెరుగుతుందని నేనే అడిగాను. టీచరు పాఠంలోని మాటలతో కేంద్రకం, ఎలక్ట్రాన్లు అన్నీ చెప్పి, మా ముఖాలు చూసి, వాళ్ళ ఊరి మాటలోకి దిగారు.

“ఉరుకుంద తిరునాళ్ళలో బిడ్డ తల్లి చంకలో ఉంటే యాడికీ పోదు గదా. నడమ జనం ఎక్కువైతే, బిడ్డ దూరమైతే, ఎవరు పిలిస్తే వాళ్ళెంట పోతాది. కింది బండ మీది దానికి బయటి ఎలక్ట్రాన్ అట్ల దూరంగా ఉంటాది. పట్టు సాలదు.”

క్లోరిన్ వరసలో మాత్రం కిందికి పోయేకొద్దీ తొందర తగ్గుతుంది. అవి ఎలక్ట్రాన్‌ను లాక్కునేవి, దూరం నుంచి లాగితే బలం చాలదు. ఒకే కారణం ఒక వరసలో పెంచుతుంది, ఇంకో వరసలో తగ్గిస్తుంది. ఆ మాట అర్థమైన రోజు నేను, మహబూబ్‌బీ కొండ దారి వెంబడి మాట్లాడుకుంటూ నడిచి, ఇంటి మలుపు దాటిపోయినా గమనించలేదు.

సీసాల గురించి ఊహించడం కూడా మొదలుపెట్టాం. వారానికి ఒకసారి టీచరు బీరువా తీసి దూరం నుంచి చూపించేవారు. మొదటి సీసాలో ముక్కలు కిరసనాయిలు మీద తేలుతున్నాయి, తక్కిన రెండింటిలో మునిగి ఉన్నాయి. తేలేది అన్నిటికంటే తేలికైన లిథియం అయ్యుండాలని అందరం చెప్పాం. మిగిలిన రెండింటిలో సోడియం ఏది, పొటాషియం ఏది? నేను లేచి, కిందికి పోయేకొద్దీ బరువు పెరుగుతుంది కాబట్టి, ఒకే కొలత ముక్కలు తూస్తే బరువైనదే పొటాషియం అని గొప్పగా చెప్పాను. టీచరు తన పుస్తకం తెరిచి నా చేతికే ఇచ్చారు. అందులో పొటాషియం సోడియం కంటే తేలిక అని ఉంది. పరమాణువు బరువైనదే గాని, దాని ఒళ్ళు అంతకు మించి పెద్దదట. నా ముఖం వాడిపోయింది. లోకంలో ఒక క్రమం దొరికిందని మురిసిపోతున్న నాకు, ఆ క్రమమే మాట తప్పినట్టనిపించింది.

టీచరు నా పక్కన కూర్చుని అన్న మాట, నేను తర్వాత జీవితమంతా పిల్లలకు చెప్పాను. “వరస దారి సూపిస్తాది నాగవేణీ. కండ్లు మూసుకొమ్మని సెప్పదు.”

ఎండాకాలం గడిచింది. ఆ ఏడు ఎండకు కొండరాళ్ళు చిటపటలాడాయి, బావుల్లో నీళ్ళు అడుగంటాయి. సెలవుల్లో ఎమ్మిగనూరు వెళ్ళి కండెలు చుట్టాను. అమ్మ అప్పుడే మా చిన్న తమ్ముణ్ణి కని నీరసంగా ఉంది. నేను తిరిగి ఆదోని వస్తుంటే ఆమె ఒకసారి రాట్నం వైపు చూసింది. ఐదో ఫారంలో చేరాను. వానలు ఆలస్యంగా వచ్చి, శ్రావణంలో బాగా పట్టుకున్నాయి. ఊళ్ళోంచి ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళకు పోయే బస్సులు జనంతో కిక్కిరిసి, పైన కూడా మనుషులతో, బురద చిమ్ముకుంటూ పోతుండేవి. హెడ్మాస్టరు గారు ఆకాశం చూసి, నేల చూసి, సరే అన్నారు.

సీసాలు తెరవాలనుకున్న రోజు పొద్దున్నే నాయన వచ్చాడు. ఉరుకుందలో దర్శనం చేసుకుని, ప్రసాదం మూటతో తిన్నగా చిన్నమ్మ ఇంటికి వచ్చి, నా బట్టలు సర్దమన్నాడు. అమ్మకు ఇంకా చేతకావడం లేదని, మగ్గం ఒక పూట ఆడి ఒక పూట ఆగుతోందని చెప్పాడు. కోపంగా కాదు, తప్పు చేస్తున్నవాడిలా నేల చూస్తూ చెప్పాడు. చిన్నమ్మ నా లంగాలు, పుస్తకాలు ఒక దుప్పటిలో మూటగట్టింది. నేను ఏడవలేదు. టీచరమ్మకు చెప్పి వస్తానని మాత్రం అడిగాను. నాయన తానూ వస్తానని బట్టల మూట చంకన పెట్టుకుని నా వెంట నడిచాడు.

బడి ముంగిట్లో పెద్ద ఎనామిల్ బేసిన్లో నీళ్ళు పోసి ఉన్నాయి. పిల్లలందరూ దూరంగా తాడు గీత వెనక నిలబడ్డారు. నాయన సంగతి చెప్పగానే టీచరు ముఖంలో రంగు మారింది గాని, ఆయనతో వాదించలేదు. బిడ్డను తీసుకుపోవడానికి తండ్రికి హక్కుందని, ఇన్ని నెలలు ఎదురుచూసిన పిల్ల కాబట్టి ఈ కాసేపు ఉండనివ్వమని, ఆయన కూడా చూడవచ్చని అన్నారు. నాయన మూటతో వసారా స్తంభం పక్కన నిలబడ్డాడు.

టీచరు పటకారుతో మొదటి సీసా నుంచి ఆవగింజంత ముక్క తీసి, నూనె తుడిచి, నీళ్ళలో వేసి వెనక్కి జరిగారు. అది సోడాకాయ కొట్టినట్టు సన్నగా బుసబుసమంటూ, నిదానంగా కరిగిపోయింది. లిథియం. రెండో సీసాలో ముక్క కత్తికి మైనంలా తెగింది. నీళ్ళలో పడగానే వెండిగుండులా గుండ్రమై, బుస్సుమంటూ బేసినంతా పరుగులు తీసి మాయమైంది. పిల్లలు గొణుక్కున్నారు. మూడో సీసాలో పెద్దముక్కల మీద పచ్చటి పెచ్చు కట్టి ఉంది. అలాంటి వాటికి కత్తి తగిలించకూడదని టీచరు వాటి జోలికి పోలేదు. అడుగున విడిగా ఉన్న శుభ్రమైన పూస ఒకటి పటకారుతో పట్టుకుని, వెయ్యకుండా ఆగి, మా వైపు తిరిగారు.

“ఇది వేస్తే ఏమైతాదో ముందే సెప్పండి,” అన్నారు.

నేను చెయ్యెత్తాను. రెండోది సోడియం అయితే ఇది దాని కింది బండ మీదిదని, దీనికి పట్టు ఇంకా తక్కువని, ఇది పరుగెత్తే దాకా కూడా ఆగదని, నీళ్ళు తగిలిన మరుక్షణం తానే అంటుకుంటుందని చెప్పాను. మహబూబ్‌బీ నా పక్క నుంచి, “మంట రంగు మాత్రం మాకు తెల్వదు టీచరమ్మా. వరసలో అది రాయలేదు, సూడాల్సిందే,” అంది. టీచరు నా మాటకు తలూపారు, ఆమె మాటకు నవ్వారు.

పూస నీళ్ళను తాకింది. తాకడమే ఆలస్యం, చిట్లిన చప్పుడుతో భగ్గుమంది. ఆ మంట నేను ఎరిగిన ఏ మంటలాగానూ లేదు. పొయ్యిలో మంట పసుపు, కొలిమిలో మంట ఎరుపు. ఇది లేత వంకాయ పూవు రంగు. మబ్బు పట్టిన ఆ పొద్దున, తడి నేల మీద, తెల్ల బేసిన్లో ఆ పువ్వు అటూ ఇటూ దొర్లి ఆరిపోయింది. హెడ్మాస్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

నాయన మూట స్తంభం దగ్గర దించి, తాడు గీత దాకా వచ్చాడు. “నువ్వు దీన్ని ఇంతకుముందు సూసింటివా పాపా?” అని అడిగాడు. లేదన్నాను. పుస్తకంలో ఉందా అన్నాడు. మా పుస్తకంలో లేదని, బండల వరసను బట్టి చెప్పానని అన్నాను. ఆయన వసారాలోకి పోయి, వాన జల్లుకు సగం చెరిగిన సుద్ద అక్షరాలను కాసేపు వంగి చూశాడు. ఆయనకు సంతకం తప్ప చదువు రాదు. తర్వాత ప్రసాదం మూట విప్పి, కొబ్బరిముక్క, బెల్లం రెండు చేతులతో టీచరమ్మకు ఇచ్చాడు. ఆమె రెండు చేతులతో తీసుకుని, అక్కడే నోట్లో వేసుకున్నారు. ఆ రోజుల్లో ఆ రెండు పనులూ చిన్నవి కావు.

బట్టల మూట మళ్ళీ చంకన పెట్టుకుని నాయన బస్టాండు దాకా ముందు నడిచాడు. ఎమ్మిగనూరు బస్సు వచ్చింది. నేను ఎక్కబోతుంటే ఆయన నా భుజం పట్టి ఆపి, మూట నా చేతుల్లో పెట్టాడు.

“నువ్వు ఈడనే ఉండు పాపా. కండెలు నేను సుట్టుకుంటా.”

ఆయన ఆ మాట నిలబెట్టుకున్నాడు. పగలంతా నేసి, పొద్దు గూకాక రాట్నం దగ్గర కూర్చునేవాడని, మగవాడు కండెలు చుట్టడమేమిటని వీధిలో వాళ్ళు ఎగతాళి చేస్తే ఎప్పటిలాగే నవ్వి ఊరుకునేవాడని అమ్మ తర్వాత చెప్పింది. నేను పై చదువులు చదివి, రసాయన శాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ ముసలిదాన్నయ్యాను. మహబూబ్‌బీ ఆదోనిలోనే ఉర్దూ బడిలో టీచరైంది. ఆమె తరగతి పిల్లలు తెలియదని చెప్పడానికి భయపడేవారు కాదట. సుగుణమ్మ టీచరు కోసిగి వైపు బదిలీ చేయించుకుని, వలసపోయే వాళ్ళ పిల్లలను తన ఇంట్లో ఉంచుకుని చదివించారు. ఆమె పోయినప్పుడు ఆ పిల్లలే శవపేటిక మోశారు.

ఇప్పుడు ఆదోనిలో జిన్నింగు మిల్లులు చాలావరకు గోడౌన్లయ్యాయి. ఎమ్మిగనూరులో మా వీధి పొడుగునా మోటారు సైకిళ్ళు నిలబెట్టి ఉంటాయి. పక్కింటి అమ్మాయి ఇంటర్ చదువుతోంది, నెమ్మదైన పిల్ల. ఆమధ్య తన ఫోన్లో నాకొక వీడియో చూపించింది. పొటాషియం కంటే ఇంకా కింద ఉండే సీసియం. నేను నలభై ఏళ్ళు పాఠం చెప్పి కూడా ఎన్నడూ కంటితో చూడనిది. నీళ్ళలో వేయగానే గాజుతొట్టె ముక్కలై ఎగిరిపోయింది. పిల్ల నా ముఖం చూసి, భయపడ్డావా అవ్వా అని అడిగింది. లేదు, ఇలాగే ఉంటుందని పద్నాలుగేళ్ళప్పటి నుంచి తెలుసన్నాను. ఆమె నవ్వి, వేలితో తోసి తరవాతి వీడియోకు పోయింది. తప్పు ఆమెది కాదు. ఆ పిల్లకు జవాబు ప్రశ్న కంటే ముందే చేతిలోకి వస్తుంది. ఒక సంగతి ముందుగా మనసులో కట్టుకుని, అది నిజమో కాదో తెలుసుకోవడానికి వానలు పడేదాకా ఆగడమంటే ఏమిటో, ఆ ఆగడంలో ఎంత సుఖముందో, ఇప్పుడు నేనెవరికి చెప్పినా కథలాగే వింటారు. ఆనాడు నాతో పాటు ఆగినవాళ్ళు, మహబూబ్‌బీతో సహా, ఇప్పుడు ఎవరూ లేరు.